కొనుగోలు కాగితంలోనే పొరుగుతనం: భీమిలి దారిలో ఒక లగ్జరీ హోటల్ కేస్ స్టడీ

విశాఖపట్నంలో రుషికొండ దాటి భీమిలి వైపు వెళ్లే బీచ్ రోడ్డు మీద కొత్త హోటల్ తెరవబోతున్న ఒక లగ్జరీ సంస్థ, స్థానికులతో సంబంధాల పని చూడమని నన్ను పిలిచింది. పెద్ద సంస్థలకూ వాటి పక్కన బతికే ఊళ్లకూ మధ్య ఒప్పందాలు రాయించడం, అవి అమలయ్యేలా చూడడం నా వృత్తి. సంస్థ పేరు, హోటల్ పక్కనున్న జాలరి ఊరి పేరు ఇక్కడ రాయడం లేదు. పని ఎలా జరిగిందో, ఎక్కడ చిక్కుపడిందో, ఏది ఇంకా తేలలేదో మాత్రం వివరంగా రాస్తున్నాను. ఇలాంటి బాధ్యత రేపు మరొకరి చేతికి వస్తే వారికి పనికొస్తుందని నా ఆశ.

ప్రధాన కార్యాలయం నా చేతిలో పెట్టిన ప్రణాళికలో బడిపిల్లలకు పుస్తకాల సంచులు, వైద్య శిబిరం, నెలకోసారి బీచ్ శుభ్రం చేయడం, ఏటికొప్పాక బొమ్మలు కొని గదుల్లో పెట్టడం ఉన్నాయి. అన్నిటికీ పైన సామాజిక బాధ్యత అనే ఒకే శీర్షిక. నేను మొదట అడిగింది ఆ చివరి అంశాన్ని ఆ శీర్షిక కింద నుంచి తీసేయమని. కంపెనీల చట్టం 2013లోని 135వ సెక్షన్ ప్రకారం నికర విలువ 500 కోట్లు, టర్నోవర్ 1000 కోట్లు, నికర లాభం 5 కోట్లు, వీటిలో ఏ ఒక్కటి చేరిన సంస్థయినా గత మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక బాధ్యతకు ఖర్చు పెట్టాలి. తన వ్యాపారం కోసం మామూలుగా చేసే పనులను ఆ లెక్కలో చూపకూడదని నిబంధనలు చెబుతున్నాయి. గదిలో పెట్టుకోవడానికి బొమ్మ కొంటే అది కొనుగోలే. కొనుగోలు అని ఒప్పుకున్నప్పుడే ధర, గడువు, నాణ్యత, చెల్లింపు గురించి ఇద్దరూ సమానంగా కూర్చుని మాట్లాడుకోగలుగుతారు. సాయం అని పేరు పెడితే తీసుకునేవాడు బేరమాడలేడు, ఆలస్యమైతే నిలదీయలేడు. ఈ పని పొడుగునా నేను పట్టుకుని వేలాడింది ఈ ఒక్క మాటనే.

రంగు ఒకేలా ఉండాలన్న షరతు

ఏటికొప్పాక వరాహ నది ఒడ్డున ఉంది. విశాఖ నుంచి జాతీయ రహదారి మీద అనకాపల్లి, యలమంచిలి దాటాక లోపలికి వెళ్లాలి. 2022 జిల్లాల విభజన తరవాత అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది గానీ, నగరవాసులు ఇప్పటికీ అది మన విశాఖ బొమ్మే అంటారు. అంకుడు కర్రను లేతు మీద తిప్పుతూ ఉలితో చెక్కి, రంగు కలిపిన లక్క కడ్డీని ఆనించి పడతారు. ఒరిపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టేస్తుంది. ఆపైన మొగలి ఆకుతో రుద్దితే ఆ నునుపు వస్తుంది. పసుపు, జాఫ్రా గింజలు, నీలి వంటి వాటి నుంచి తీసే సహజ రంగులను మళ్లీ వాడుకలోకి తేవడానికి దశాబ్దాలు శ్రమించిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు దక్కింది, 2025 గణతంత్ర దినోత్సవంలో రాష్ట్ర శకటం కూడా వీటిదే.

హోటల్ డిజైన్ బృందం గదికొక సెట్టు కోరింది: మూత ఉన్న బరిణె, కలాల స్టాండు, తాళంచెవికి కట్టే గుండు, పిల్లలతో వచ్చే అతిథులకు చిన్న బొమ్మ. డ్రాయింగులు చాలా అందంగా ఉన్నాయి. కానీ దానితో వచ్చిన కొనుగోలు ఆర్డరులో ప్రతి రంగుకూ ఒక షేడ్ నంబరు, ఆ నంబరుకు తేడా వస్తే సరుకు వెనక్కి, సరఫరాకు చాలా తక్కువ గడువు, సరుకు అందాక 90 రోజులకు డబ్బు అని ఉంది. టైల్స్ కంపెనీకి పంపే ఫారాన్నే పేరు మార్చి పంపారు.

ఈ మూడు షరతులూ కలిస్తే ఊళ్లో ఏమవుతుందో చెప్పాలి. పసుపు కొమ్ము ఒక పంటకూ మరో పంటకూ ఒకేలా ఉండదు, దాన్నుంచి వచ్చే రంగూ ఉండదు. నంబరుకు సరిగ్గా కలవాలంటే కళాకారుడికి మిగిలే దారి రసాయన రంగు డబ్బా. అంటే గదిలో సహజ రంగుల బొమ్మ అని కార్డు రాసిపెట్టి, ఆ రంగులను వదిలేసేలా చేసేది ఆ హోటల్ ఆర్డరే. గడువు తక్కువైతే కర్ర ఆరదు. పచ్చి కర్రతో చేసిన బరిణె ఏసీ గదిలో పొడి గాలికి బీటలు తీస్తుంది, మూత బిగుసుకుపోతుంది. ఇక డబ్బు మూడు నెలల తరవాతంటే కర్రకూ లక్కకూ అప్పు తెచ్చేది ఆ ఇంటివాళ్లే. కోట్ల పెట్టుబడి ఉన్న హోటల్‌కు, నాలుగు లేతులున్న కుటుంబం వడ్డీ లేకుండా అప్పిచ్చినట్టు లెక్క.

చెల్లింపు సంగతి తేల్చడం సులభమే అయింది, ఎందుకంటే చట్టం స్పష్టంగా ఉంది. ఎంఎస్ఎంఈ అభివృద్ధి చట్టం 2006లోని 15వ సెక్షన్ ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థకు రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటకుండా చెల్లించాలి, ఒప్పందం లేకపోతే 15 రోజుల్లోనే. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. 1961 ఆదాయపు పన్ను చట్టంలో చేర్చిన 43బి(హెచ్) నిబంధన 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాక, గడువు దాటిన బకాయిని ఆ ఏడాది ఖర్చుగా చూపుకునే వీలు కూడా పోయింది. హోటల్ ఆర్థిక విభాగం ముందు ఈ రెండు నిబంధనలూ పెట్టాను. కరుణ గురించి ఒక్క మాట ఎత్తనక్కరలేకపోయింది. ఉద్యం నమోదు, అంటే ప్రభుత్వం దగ్గర చిన్న సంస్థగా నమోదు, లేని కుటుంబాల చేత అది చేయించడం మా వంతు పని. ఆఖరికి కుదిరిన షరతు: ఆర్డరు మీద సంతకం అయిన రోజే సగం డబ్బు, సరుకు ఊళ్లో పరిశీలించి మూట కట్టిన వారంలోపు మిగతా సగం.

రంగు విషయంలో మాత్రం చాలా కాలం పట్టింది. డిజైన్ బృందానికి తేడా అంటే లోపం. కళాకారులకు తేడా అంటే పదార్థం స్వభావం. చివరకు కళాకారులే ఒక ఉపాయం చెప్పారు. ప్రతి రంగుకూ తాము ఒప్పుకోగల అతి లేత ముక్క ఒకటి, అతి ముదురు ముక్క ఒకటి చేసి ఒక పలక మీద బిగించారు. అలాంటివి రెండు పలకలు: ఒకటి ఊళ్లో, ఒకటి హోటల్ స్టోరులో. ఆ రెండు అంచుల మధ్య ఏది పడినా సరుకు అంగీకారమే. పరిశీలన హోటల్ గోదాములో కాదు, ఏటికొప్పాకలో, చేసినవారు ఎదుట ఉండగా జరగాలి. ఈ షరతుకు నేను చాలా విలువ ఇస్తాను. హోటల్ వెనక గుమ్మం దగ్గర తిరస్కరించిన బొమ్మకు వాదించడానికి ఎవరూ ఉండరు, రానూపోనూ రవాణా ఖర్చు కూడా చేసినవాడి నెత్తినే పడుతుంది. ఊళ్లో, పగటి వెలుగులో, చేతిలోకి తీసుకుని చూస్తే లోపం నిజంగా ఎక్కడుందో ఇద్దరికీ కనిపిస్తుంది.

మెరుపు పోయిన బరిణెలు

హోటల్ తెరిచిన కొన్నాళ్లకే కొనుగోలు విభాగం నుంచి ఫిర్యాదు వచ్చింది: బరిణెల మీద మెరుపు పోతోంది, జిగటగా మచ్చలు కడుతున్నాయి, నాసిరకం లక్క వాడారు, మిగిలిన ఆర్డరు ఆపేస్తాం. నాలుగైదు బరిణెలు తీసుకుని ఏటికొప్పాక వెళ్లాను. అక్కడి పెద్దాయన ఒకదాన్ని వేలితో రుద్ది, వాసన చూసి, "దీన్ని ఏదో స్పిరిట్‌తో తుడిచేసినారు బాబూ" అన్నారు.

అదే నిజం. లక్క ఆల్కహాల్‌లో కరిగిపోతుంది. అమోనియా, సోడా వంటి క్షారాలకూ నిలవదు. గదులు శుభ్రం చేసే సిబ్బంది ప్రతి వస్తువునూ శానిటైజర్ చల్లి తుడవాలని హోటల్ నియమావళిలో ఉంది. వాళ్లు తమకు నేర్పిన పని శ్రద్ధగా చేశారు, రోజుకు ఒక పొర చొప్పున లక్క పోయింది. కొన్నిటి మీద గుండ్రటి తెల్ల మచ్చలున్నాయి, అవి వేడి కాఫీ కప్పు పెట్టిన గుర్తులు. సముద్రం వైపు కిటికీ దగ్గర ఉంచిన పసుపు రంగు స్టాండ్లు వెలిసిపోయాయి. పసుపు ఎండకు నిలిచే రంగు కాదని మన ఇళ్లలో చీర ఆరేసే ఆడవాళ్లందరికీ తెలుసు.

ఈ ఫిర్యాదు నాణ్యతా లోపంగా నమోదై ఉంటే ఆర్డరు రద్దయ్యేది, ఏటికొప్పాక సరుకు పనికిరాదన్న ముద్ర ఆ సంస్థ హోటళ్లన్నిటికీ పాకేది. చాలా సంబంధాలు ఇలాగే తెగుతాయని నా అనుభవం. ఎవరికీ దురుద్దేశం ఉండదు, ఒక విభాగానికి తెలిసింది మరో విభాగానికి తెలియకపోవడం చాలు. అందుకే కళాకారులనే హోటల్‌కు పిలిపించి, గదుల సిబ్బందికి వారి చేతే పాఠం చెప్పించాం. పొడి నూలు గుడ్డ తప్ప మరేదీ తాకించకూడదు, పసుపు రంగువి ఎండ పడని చోట, కాఫీ ట్రే పక్కన కాదు. సిబ్బందిలో చాలామంది చుట్టుపక్కల ఊళ్ల ఆడపిల్లలే. ఆ వస్తువు ఎవరు చేశారో, ఎలా చేశారో తెలిశాక వాళ్లు దాన్ని పట్టుకునే తీరే మారింది. అతిథి అడిగితే కార్డు చూడకుండా చెప్పగలుగుతున్నారు.

దీన్నుంచి పుట్టిన మరో ఒప్పందం నాకు అన్నిటికన్నా నచ్చింది. లక్క పనికి ఒక గొప్ప గుణం ఉంది: పాడైన ముక్కను మళ్లీ లేతుకు ఎక్కించి, పాత పొర గీకి, కొత్త లక్క పట్టించి, మొగలి ఆకుతో రుద్దితే కొత్తదవుతుంది. కాబట్టి పాడైనవాటిని పారేసి కొత్తవి కొనడం మాని, విడతలవారీగా ఊరికి పంపి మరమ్మతు కూలి చెల్లించేలా రాయించాం. పెద్ద ఆర్డర్లు లేని నెలల్లో ఆ కుటుంబాలకు అది నికరమైన పని. లగ్జరీ సంస్థకు కూడా ఇది తగిన పనే. ఖరీదైన గడియారాన్నీ తోలు సంచినీ తరాల తరబడి బాగుచేసి ఇస్తామని చెప్పుకునే రంగం అది, మన లక్క బరిణెకు ఆ గౌరవం ఎందుకివ్వకూడదు?

పిల్లల బొమ్మల విషయంలో ఒక చట్టపు జాగ్రత్త. 2021 జనవరి 1 నుంచి దేశంలో అమ్మే బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. హస్తకళల అభివృద్ధి కమిషనర్ దగ్గర నమోదైన కళాకారులు తయారుచేసి అమ్మేవాటికి, భౌగోళిక గుర్తింపు ఉన్న బొమ్మలను దాని అధీకృత వినియోగదారులు (ఆ గుర్తింపు వాడుకునే హక్కు నమోదైనవారు) అమ్మినప్పుడు మినహాయింపు ఉంది. ఎవరి దగ్గర కొంటున్నామో వారి నమోదు పత్రాలు ముందే చూసుకోవాలి, లేనివారికి నమోదుకు తోడుపడాలి. పత్రం లేదని వదిలేసి మరొకరి దగ్గరికి పోవడం సులువు గానీ సబబు కాదు.

దళారి ఎవరు?

చేపల దగ్గర సంస్థ ఆలోచన వినడానికి చాలా బాగుంది: దళారులు లేకుండా నేరుగా బోటు దగ్గరే కొంటాం, జాలరికి మంచి ధర దక్కుతుంది. చెఫ్‌కు తాజా వంజరం, చందువ. మెనూ మీద రాసుకోవడానికి మంచి మాట.

ఒడ్డున తెల్లవారుజామున నిలబడి చూస్తే ఆ దళారులు ఎవరో తెలుస్తుంది. తెప్ప ఒడ్డుకు చేరగానే వేలం పాట పాడేది, కొనేది, గంపకెత్తుకుని భీమిలి, మధురవాడ వీధులకు, సంతలకు వెళ్లి అమ్మేది, మిగిలింది ఉప్పు పట్టించి ఎండబెట్టేది ఆ ఊరి ఆడవాళ్లే. వేట మగవాళ్లది, డబ్బు చేతులు మారే చోటు ఆడవాళ్లది. పిల్లల ఫీజులు, ఇంటి సరుకులు, చాలా ఇళ్లలో వల కొనడానికి తెచ్చే అప్పు కూడా ఆ గంప మీదే నడుస్తాయి. హోటల్ నేరుగా బోటు దగ్గర కొంటే మంచి చేపంతా అటే పోతుంది, ఆడవాళ్ల గంపలో చిల్లర చేప మిగులుతుంది. చావిడి దగ్గర జరిగిన మాటల్లో ఒకామె లేచి, "మీరు బోటుకాడే కొనేస్తే మరి మేమేటి సెయ్యాల బాబూ?" అని అడిగింది. సంస్థ ప్రతినిధి దగ్గర జవాబు లేదు. ఆ రోజు జవాబు లేకపోవడమే మేలైంది, ఆ ప్రతిపాదన అక్కడే ఆగింది.

కుదిరిన పద్ధతి ఇది. హోటల్‌కు చేప ఆ ఊరి ఆడవాళ్ల బృందం ద్వారానే వస్తుంది, వారు పాటలో కొని, మంచులో పెట్టి, శుభ్రం చేసి ఇస్తారు. ధర విషయంలో హోటల్ ఏడాది పొడుగునా ఒకే రేటు కోరింది. బృందం ఒప్పుకోలేదు, వారిదే న్యాయం. వేట పడని రోజు పాట ధర పెరిగితే స్థిరమైన రేటులో వాళ్లు మునిగిపోతారు. వేట బాగా పడిన రోజుల్లో హోటలే బయట చవగ్గా కొనుక్కుంటుంది. అందుకని ఆ రోజు పాట ధర మీద కిలోకు ఇంత అని ముందే ఒప్పుకున్న లాభం. డబ్బు అదే రోజు, యూపీఐలో, అమ్మిన మనిషి సొంత ఖాతాకు. చట్టం ఇచ్చే 45 రోజుల గడువు ఇక్కడ పనికిరాదు. మర్నాటి పాటకు పెట్టుబడి ఈ రోజు డబ్బే.

చెఫ్ వైపు నుంచి కూడా మార్పు కావలసి వచ్చింది. రోజూ ఒకే సైజు వంజరం కావాలంటే సముద్రం ఇవ్వదు. కవళ్లు, కానాగంతలు, నెత్తళ్లు పడిన రోజు వాటినే వండాలి. మొదట వాటిని పేదవాళ్ల చేపలని పక్కన పెట్టారు. ఊరి ఆడవాళ్లు వంటగదికి వచ్చి నెత్తళ్ల వేపుడు, చింతకాయతో చేపల పులుసు వండి చూపించాక మెనూలో ఆ రోజు వేటకు ఒక చోటు వచ్చింది. అతిథులు ఇష్టంగానే తింటున్నారు.

అసలు పరీక్ష ఏప్రిల్ 15న మొదలవుతుంది. తూర్పు తీరంలో జూన్ 14 వరకు, 61 రోజులు, మరబోట్లకూ మోటారు తెప్పలకూ వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి నిషేధం అవసరమే. 2025లో ప్రభుత్వం వేట విరామ భృతిని 20,000 రూపాయలు చేసింది. అది వేటకు వెళ్లేవారి లెక్కన వస్తుంది, చేప అమ్ముకునే ఆడవాళ్ల రాబడి మాత్రం ఆ రెండు నెలలూ ఆగిపోతుంది. సరిగ్గా అవే వేసవి సెలవులు, హోటల్ నిండే రోజులు. వేరే రాష్ట్రం నుంచి గడ్డకట్టిన చేప తెప్పించుకోవడం హోటల్‌కు చాలా తేలిక. దానికి బదులు ఆ రెండు నెలలకు సరిపడా ఎండు నెత్తళ్లు, ఉప్పుచేప ముందే ఆర్డరిచ్చి, సగం డబ్బు ఫిబ్రవరిలోనే ఇచ్చేలా ఒప్పందంలో రాయించాం. ఇసుకలో కాకుండా దడులు కట్టి వాటి మీద ఎండబెట్టడానికి అయిన ఖర్చు సామాజిక బాధ్యత నిధి నుంచి, హోటల్‌తో లావాదేవీ లేనివారికి కూడా వర్తించేలా పెట్టించాం.

దారి, నీరు, దీపాలు

ఇవి త్వరగా తేలాయి, నియమాలు ఉన్నాయి కాబట్టి. మొదటి ప్లానులో హోటల్ ప్రహరీ, జాలరులు ఒడ్డుకు దిగే పాత దారిని చుట్టు తిప్పేసింది. తీరప్రాంత నియంత్రణ జోన్ (సీఆర్‌జెడ్) నోటిఫికేషన్‌లో బీచ్ రిసార్టులకు పెట్టిన మార్గదర్శకాల ప్రకారం రెండు హోటళ్ల మధ్య జనం సముద్రానికి వెళ్లడానికి కనీసం 20 మీటర్ల వెడల్పు ఖాళీ వదలాలి. ఆటుపోటు గరిష్ఠ రేఖ నుంచి 200 మీటర్ల లోపు భూగర్భజలం తోడకూడదు. గోడ జరిగింది. దారి మీద గేటు గానీ కాపలా గానీ ఉండదని, వలలు ఆరేసే చోటు ఊరిదేనని రాయించాం. ఈతకొలను నీటి గురించి ఊరి భయం నిజమైనదే. తీరంలో బోర్లు అతిగా తోడితే ఉప్పునీరు లోపలికి వస్తుంది, ముందు పాడయ్యేది లోతు తక్కువున్న ఊరి బావులు. అందుకే ఊరి బావి నీటి ఉప్పదనాన్ని కొలిచి ఆ అంకెను చావిడి గోడ మీద రాసే బాధ్యత హోటల్‌దే అయింది. ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టి, పిల్లలు బయటికొచ్చే కాలంలో ఒడ్డు వైపు దీపాలు ఆర్పేయాలి, ఆ పిల్లలు వెలుతురు వైపు నడుస్తాయి గనక.

ఉద్యోగాల గురించి ఒక్క మాట. ఎన్ని ఉద్యోగాలు అన్నది కాక, ఏ ఉద్యోగాలు అన్నదే ఊరి ప్రశ్న. కాపలా, తోటపని దగ్గరే ఆగిపోకుండా ఫ్రంట్ ఆఫీసు, వంటగది శిక్షణలో స్థానికులకు సీట్లు ఉండాలన్న షరతు ఒప్పుకున్నారు. అమలు నెమ్మదిగా ఉంది.

ఏం కొలవాలి

ప్రధాన కార్యాలయానికి మూడు నెలలకోసారి పంపే నివేదికలో ఫొటోలు తీసేయించాను. వాటి బదులు నాలుగు విషయాలు అడిగాను: డబ్బు చేరడానికి పట్టిన రోజులు, వెనక్కి పంపిన సరుకు ఎంత, ఎందుకు, కిందటి ఏడాది సరఫరా చేసినవారిలో ఈ ఏడాదీ ఎందరున్నారు, ఊరి ఫిర్యాదుకు జవాబు ఎన్నాళ్లకు వచ్చింది. ఒప్పందాలన్నీ తెలుగులో ఉన్నాయి, సంతకాలకు ముందు చావిడిలో పైకి చదివి వినిపించాం. జనరల్ మేనేజర్లు రెండు మూడేళ్లకు బదిలీ అవుతారు. మంచి మేనేజర్ నోటిమాట మీద నిలిచిన సంబంధం ఆయన బదిలీతో వెళ్లిపోతుంది. కాగితం మీదున్నది ఆయన తరవాత వచ్చినవారు కూడా చదువుకోవలసి వస్తుంది.

తేలని విషయాలు రెండు. ఆ బరిణె డిజైను మీద పూర్తి హక్కు తమకే కావాలని, ఏటికొప్పాకలో ఇంకెవరికీ దాన్ని చేసి అమ్మకూడదని సంస్థ కోరుతోంది. ఆకారం తరతరాలుగా ఆ ఊరిది, హోటల్ చేర్చింది మూత మీది గుర్తు మాత్రమే. ఆ గుర్తు వరకే హక్కు ఇస్తామన్నది కళాకారుల మాట, నేనూ అదే సలహా ఇచ్చాను. సంస్థ న్యాయవిభాగం ఇంకా ఒప్పుకోలేదు.

రెండోది అంకుడు కర్ర. దగ్గరి అడవుల్లో అది తగ్గిపోతోంది, కర్ర కోసం వెతుకులాట ఏటేటా పెరుగుతోంది. లేతుకు పనికొచ్చే లావు రావడానికి మొక్కకు ఏళ్లు పడుతుంది, హోటల్ ఒప్పందం మాత్రం ఏడాదికోసారి తిరగరాసేది. ప్రతి ఆర్డరు విలువలో కొంత భాగం అంకుడు తోటకు వెళ్లాలని, దానితో పాటు పదేళ్లపాటు కనీసం ఇంత కొంటామన్న హామీ ఉండాలని ప్రతిపాదన పంపాను. పంచాయతీ భూమిలో కొంత చోటు ఇవ్వడానికి ఊరు సుముఖంగా ఉంది. పదేళ్ల హామీ మీద సంస్థ బోర్డు నిర్ణయం రావలసి ఉంది.